ఆటల నిర్మాణం: కొన్ని సూచనలు, కొన్ని ప్రశ్నలు

ఆట అనగానే పెద్దలకు కాలహరణమూ, పిన్నలకు కాలక్షేపమూ స్ఫురించడం లోకసహజం. సెల్‌ఫోను తెరపై గంటల తరబడి వేళ్ళు కదిపే బిడ్డను చూచి తల్లిదండ్రులు ఆవేదన చెందడంలో తప్పు లేదు. అయితే ఆటను ఆడడం వేరు, ఆటను నిర్మించడం వేరు. ఆడేవాడు మరొకరు వేసిన దారిలో నడుస్తాడు. నిర్మించేవాడు ఆ దారిని తానే వేయవలసి ఉంటుంది. అందుకు గణితం కావాలి, తర్కం కావాలి, చిత్రకళ, సంగీతం, భాష కావాలి. అన్నింటికీ మించి, తలపెట్టిన పనిని తుదిదాకా నడిపే ఓర్పు కావాలి.

మన విద్యార్థులలో అభిరుచి కొద్దీ ఈ పనికి పూనుకొనేవారు లేకపోలేదు. కాని ప్రారంభించిన ఆటలు పెక్కు, పూర్తి అయినవి బహు కొద్ది. పనిముట్లు లేకపోవడమే ఇందుకు కారణమని కొందరు అంటారు. ఆ మాట నేడు నిలువదు. పనిముట్టు ఉచితంగానే లభిస్తున్నది. లోపిస్తున్నవి మూడు: చిన్నదానినైనా పూర్తిచేసే అలవాటు, తెలియనిదానిని సరియైన రీతిలో అడిగే పద్ధతి, తెలిసికొన్నదానిని మన భాషలలో తరువాతివారికి మిగిల్చే బాధ్యత. ఈ మూడింటిని గురించి నా అభిప్రాయాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలకవర్గం పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పనిముట్టును పరిచయం చేస్తాను. తెరపై బొమ్మను చూపడం, మీట నొక్కినట్లు గ్రహించడం, రెండు వస్తువులు తాకినట్లు కనిపెట్టడం, ధ్వని వినిపించడం వంటి పనులు ఆటలన్నింటికీ సామాన్యం. వాటిని ముందే సిద్ధంచేసి పెట్టిన సాఫ్ట్‌వేరునే గేమ్ ఇంజను అంటారు. అటువంటి వానిలో ‘గోడో’ ఒకటి. అర్జెంటీనా దేశస్థులైన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మన్‌సుర్ అనే ఇద్దరు దీనిని తమ వృత్తి అవసరాల కోసం నిర్మించుకొని, 2014 ఫిబ్రవరిలో ఎమ్‌.ఐ.టి. లైసెన్సు కింద లోకానికి విడుదల చేశారు. దాని మూలరచన, అనగా సోర్స్ కోడ్, ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, దానితో కట్టిన ఆటను అమ్ముకొనవచ్చు. వాటా చెల్లించనక్కరలేదు. లైసెన్సు పాఠాన్ని, హక్కుదారుల పేర్లను తొలగించకుండా ఆటతోపాటు ఉంచడం ఒక్కటే నియమం.

ఈ స్వేచ్ఛ విలువ 2023 సెప్టెంబరులో లోకానికి బాగా తెలిసివచ్చింది. యూనిటీ అనే ప్రసిద్ధ ఇంజను సంస్థ, ఆట స్థాపింపబడిన ప్రతిసారీ నిర్మాతనుండి రుసుము తీసికొంటామని ప్రకటించింది. ఏళ్ళ తరబడి శ్రమించి ఆటలు కట్టినవారు దిగ్భ్రాంతి చెందారు. నిరసనలు చెలరేగగా ఆ సంస్థ కొద్ది రోజులలోనే నిబంధనలను సడలించింది, 2024 సెప్టెంబరులో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేసింది. రద్దు అయినా పాఠం మిగిలింది. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలన్నా యజమాని అనుమతి కావాలి. మూలరచన బహిరంగంగా ఉన్న ఇంజను సొంత ఇల్లు వంటిది. ఒకసారి మనకు ఇచ్చిన ప్రతిపై హక్కును ఎవరూ వెనుకకు తీసికొనలేరు.

బీద విద్యార్థికి మరొక సౌలభ్యం కూడా ఉన్నది. గోడో ఎడిటరు సాధారణ ప్రతి పరిమాణం చిన్నదే. దానిని కంప్యూటరులో ప్రత్యేకంగా స్థాపింపనక్కరలేదు, పెన్‌డ్రైవులో పెట్టుకొని తెరిచినా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ పరికరాలలో నడిచే ఎడిటరు కూడా వచ్చింది. ‘బ్రొటాటో’, ‘డోమ్ కీపర్’, ‘క్యాసెట్ బీస్ట్స్’ వంటి పేరుపొందిన ఆటలు ఈ ఇంజనుతో నిర్మింపబడినవే. కాబట్టి ఇది పిల్లల బొమ్మ అని తేలికగా తీసివేయడానికి వీలులేదు.

ఇక సూచనలు. మొదటి సూచన అందరికీ తెలిసినదే, ఎవరూ పాటించనిదే: చిన్న ఆటతో ప్రారంభించండి. వేలమంది ఒకేసారి ఆడే యుద్ధక్రీడను తొలి ప్రయత్నంలోనే నిర్మించాలని బయలుదేరిన విద్యార్థి మూడవ వారానికి అలసిపోతాడు. గోడో అధికారిక పాఠాలలో మొదటి ఆట చాలా చిన్నది. నలువైపులనుండి వచ్చే ప్రాణులను తప్పించుకొనడమే అందులోని కథంతా. దానిని యథాతథంగా పూర్తిచేసి, అటుపై మన ఇంటి అరుగుమీది ఆటనే తీసికొనండి.

ఉదాహరణకు అష్టాచెమ్మ. ఐదు గళ్ళ చదరం, నాలుగు గవ్వలు. అన్నీ వెల్లకిల పడితే నాలుగు, అన్నీ బోర్ల పడితే ఎనిమిది. తక్కినప్పుడు వెల్లకిల పడిన గవ్వలు ఎన్నో అంత లెక్క. కొత్తగా ప్రోగ్రాము వ్రాసేవారు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అనే అయిదు అంకెలలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా రప్పిస్తారు. అప్పుడు అష్టా అయిదింట ఒకసారి పడుతుంది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకొంటే, నిజమైన లెక్కలో అష్టా పడేది 16 సార్లలో ఒక్కసారి మాత్రమే, రెండు పడేది 16లో 6 సార్లు. కాబట్టి అంకెను కాదు, నాలుగు గవ్వలను విడివిడిగా వేయించి లెక్కింపుమని యంత్రానికి చెప్పాలి. ఆ ఒక్క మార్పుతో తెరమీది ఆటకు అరుగుమీది ఉత్కంఠ వస్తుంది. సంభావ్యత పాఠం పుస్తకంలో చదివినదానికంటె ఇక్కడ బాగా మనసుకు పడుతుంది. చిన్న ఆటలో నేర్వదగినది లేదనుకొనడం పొరపాటు.

రెండవ సూచన: నాలుగు మాటలను ముందు గట్టిగా పట్టుకొనండి. గోడోలో ప్రతి వస్తువూ ఒక ‘నోడ్’. బొమ్మ ఒక నోడ్, ధ్వని ఒక నోడ్, తాకిడిని గ్రహించే ఆకారం ఒక నోడ్. కొన్ని నోడ్‌లను చెట్టుకొమ్మలవలె కూర్చితే ‘సీన్’. ఒక సీన్‌ను మరొక సీన్‌లో ఎన్నిసార్లయినా నాటవచ్చు. గవ్వను ఒకసారి తయారుచేసి నాలుగుచోట్ల పెట్టడం ఇట్లాగే. ఆ నోడ్ ఏమి చేయాలో చెప్పేది ‘స్క్రిప్ట్’. ఒకచోట జరిగిన సంగతిని మరొకచోటికి తెలిపేది ‘సిగ్నల్’. గవ్వలు నిలిచిన వెంటనే సిగ్నల్ పంపితే, అంకెను చూపే పలక దానిని విని తన పని తాను చేసికొంటుంది. ఒకదాని లోపలికి మరొకటి తొంగిచూడవలసిన పని ఉండదు. ఈ నాలుగూ తెలిసినవానికి తక్కినవి క్రమంగా తెలుస్తాయి.

మూడవ సూచన: మీరు చూస్తున్న పాఠం ఏ వెర్షన్‌కు చెందినదో చూడండి. 2018లో వచ్చిన మూడవ వెర్షన్‌కు, 2023 మార్చిలో వచ్చిన నాలుగవ వెర్షన్‌కు నడుమ పేర్లు చాలా మారాయి. పూర్వపు ‘కైనమాటిక్‌బాడీ’ నేడు ‘క్యారెక్టర్‌బాడీ’. ‘యీల్డ్’ స్థానంలో ‘అవెయిట్’ వచ్చింది. పాత వీడియోను చూచి కొత్త ఇంజనులో వ్రాసిన విద్యార్థి, తనకు తెలివి లేదని చింతిస్తాడు. లోపం తెలివిలో లేదు, పాఠం తేదీలో ఉన్నది. కృత్రిమ మేధను అడిగినా ఈ చిక్కు తప్పదు. అది రెండు వెర్షన్ల ఆదేశాలనూ కలగలిపి ఇవ్వడం తరచుగా జరుగుతున్నది. అధికారిక పాఠాలలో సరిచూచుకొనక దేనినీ నమ్మరాదు.

నాలుగవ సూచన వేగానికి సంబంధించినది. ఒక కంప్యూటరు క్షణానికి 60 చిత్రాలు చూపితే, పాతది 30 మాత్రమే చూపవచ్చు. చిత్రానికి ఇన్ని చుక్కలు జరుగుమని వ్రాస్తే, పాత కంప్యూటరులో మన వీరుడు సగం వేగంతో నడుస్తాడు. అందుచేత వేగాన్ని క్షణానికి లెక్కగట్టి, ‘డెల్టా’ అనే కాలవ్యవధితో గుణించాలి. అయితే నాలుగవ వెర్షన్‌లో క్యారెక్టర్‌బాడీని నడిపే ‘మూవ్ అండ్ స్లైడ్’ అనే ఆదేశం ఆ గుణకారాన్ని తానే చేస్తుంది. అక్కడ మనం కూడా గుణిస్తే వీరుడు చీమవలె ప్రాకుతాడు. గురుత్వాకర్షణవలన వేగం పెరిగే లెక్కలో మాత్రం డెల్టా మనమే వేయాలి. అడ్డంగా కుడివైపునకు ఎక్స్, నిలువుగా కిందివైపునకు వై పెరుగుతాయన్న సంగతిని కూడా గుర్తుంచుకొనాలి. గణితపుస్తకంలోని పటానికి ఇది తలక్రిందులు.

ఐదవ సూచన: ఆట సగమైనా కాకముందే దానిని ఒకసారి బయటికి తీసి మరొక యంత్రంలో నడిపి చూడండి. ఎడిటరులో చక్కగా నడిచి, బయటికి తీయగానే ఆగిపోయే ఆటలు ఎన్నో. ఫైలు పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను విండోస్‌లో పనిచేస్తున్నంతసేపు ఎవరూ పట్టించుకొనరు. బయటికి తీసిన ఆట దానిని క్షమించదు. పేర్లన్నీ చిన్నబడి అక్షరాలలోనే పెట్టడం మేలు. అట్లాగే ఆటగాడు సంపాదించిన మార్కులను ‘రెస్’ అనే ఆట సొంత గదిలో దాచరాదు. బయటికి తీసిన తరువాత అది చదవడానికే గాని వ్రాయడానికి పనికిరాదు. ‘యూజర్’ అనే గదిలో దాచాలి. మన ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లవంటి వానిలో పనిచేసేవారు ప్రాజెక్టును సృష్టించేటప్పుడే ‘కంపాటిబిలిటీ’ అనే చిత్రణ పద్ధతిని ఎన్నుకొనాలి. అది ఓపెన్‌జీఎల్‌తో నడుస్తుంది గనుక పాత యంత్రాలపై భారం తక్కువ.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. ప్రశ్న అడగడం సిగ్గుపడవలసిన పని కాదు. కాని ప్రశ్నకు ఒక మర్యాద ఉన్నది. “అన్నా, నా ఆట పనిచేయడం లేదు, ఏమి చేయాలి?” అన్నది ప్రశ్న కాదు, నిట్టూర్పు. వైద్యునివద్దకు పోయి ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పి ఊరకున్నట్లు ఉంటుంది. జ్వరమా, నొప్పియా, ఎప్పటినుండి అన్నది చెప్పాలి గదా! ఇంజను వెర్షన్ ఏది, ఏమి జరుగుతుందని ఆశించాము, నిజానికి ఏమి జరిగింది, ఎర్ర అక్షరాలలో వచ్చిన తప్పుల సందేశం ఏమిటి అనే నాలుగు సంగతులు చెప్పనిదే ఎవరూ జవాబీయలేరు. సందేశాన్ని అక్షరం మారకుండా వ్రాయాలి. తెరను వంకరగా ఫొటో తీసి పంపితే సరిపోదు. వీలైతే తప్పు కనిపించేంత చిన్న నమూనాను వేరుగా కట్టి చూపాలి. ఆ నమూనా కడుతుండగానే తప్పు ఎక్కడున్నదో మనకే తెలియడం పరిపాటి. ‘నల్’ అనే మాట సందేశంలో కనబడితే, మనం పిలిచిన నోడ్ అక్కడ లేదని అర్థం. దాని పేరు మార్చామా, చోటు మార్చామా, అది సిద్ధం కాకముందే పిలిచామా అని ముందు మనలను మనమే అడుగుకొనాలి.

మరొక మాట. మీరు పట్టుకొన్న ఉపాయాన్ని గురించి కాదు, మీ గమ్యాన్ని గురించి అడగండి. వీరుడు తలుపును సమీపించగానే తలుపు తెరుచుకొనాలన్నది గమ్యం అనుకొందాం. విద్యార్థి ఆ మాట చెప్పక, ప్రతి చిత్రంలోను రెండు బిందువుల దూరాన్ని త్వరగా లెక్కించడం ఎట్లా అని అడుగుతాడు. అడిగినదానికి జవాబు దొరుకుతుంది గాని పని కాదు. గమ్యం చెప్పి ఉంటే, తలుపుముందు ‘ఏరియా’ అనే నోడ్ ఉంచి, అందులోకి వీరుడు ప్రవేశించినప్పుడు వచ్చే సిగ్నల్‌ను వినుమని ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పేవారు.

ఇతరులను అడిగే ప్రశ్నలతోపాటు తనను తాను అడుగుకొనవలసిన ప్రశ్న కూడా ఒకటి ఉన్నది: నా ఆటలోని ఈ బొమ్మ, ఈ పాట ఎవరివి? ఇంజను ఉచితం గనుక అన్నీ ఉచితమని భ్రమపడరాదు. సినిమా పాటనో, ప్రసిద్ధ కార్టూను బొమ్మనో అడగక తెచ్చి పెట్టడం న్యాయం కాదు. అందరూ వాడుకొనుటకై కర్తలే హక్కులు వదలుకొన్న బొమ్మలు, ధ్వనులు అంతర్జాలంలో లభిస్తున్నాయి. వాటిని వాడుకొనండి. కర్త పేరు చెప్పవలెనన్న షరతు ఉన్నచోట తప్పక చెప్పండి. పరుల శ్రమను గౌరవించనివాడు తన శ్రమకు గౌరవం కోరలేడు.

ఇంతవరకు చెప్పినవి ఏ దేశపు విద్యార్థికైనా వర్తిస్తాయి. ఇక మనకు ప్రత్యేకమైన మాట. మన పత్రికను ఒకవైపునుండి తెరిస్తే తెలుగు, రెండవవైపునుండి తెరిస్తే ఉర్దూ. ఎడమనుండి కుడికి పోయే ఒత్తుల లిపి ఒకటి, కుడినుండి ఎడమకు పారే కలయికల లిపి మరొకటి. గోడో మూడవ వెర్షన్‌వరకు ఈ రెండు లిపులకూ అందులో సరియైన ఆసనం లేదు. తెలుగు ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడేవి. ఉర్దూ అక్షరాలు కలవక, ఎదురుదిశలో నిలిచేవి. 2023లో వచ్చిన నాలుగవ వెర్షన్ ఈ కొరతను తీర్చింది. అక్షరాలను కూర్చే పనిని అందులో ‘హార్ఫ్‌బజ్’ అనే సాఫ్ట్‌వేరు నిర్వహిస్తున్నది. అది కూడా మూలరచన బహిరంగంగా ఉన్నదే. ఉర్దూ చదివిన మిత్రులు ఆ పేరులో ‘హర్ఫ్’ను ఇట్టే పోల్చుకొంటారు. ఫారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది.

తలుపు తెరుచుకొన్నది, కాని లోపలికి పోవడానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. ఇంజనులోని సహజమైన ఫాంటు మన లిపులకోసం చేసినది కాదు. మన కంప్యూటరులో తెలుగు కనిపించినంతమాత్రాన ఆడేవారి యంత్రంలో కనిపిస్తుందని నమ్మరాదు. ఫాంటును ఆటలోనే చేర్చాలి. తెలుగుకు నోటో సాన్స్, మండలి, రామభద్ర, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ వంటివి స్వేచ్ఛగా వాడుకొనదగిన లైసెన్సుతో ఉన్నాయి. నస్తాలీఖ్‌లో అక్షరాలు మెట్లు దిగినట్లు వాలుగా దిగుతాయి గనుక, పంక్తుల మధ్య ఎక్కువ ఎడం ఇవ్వాలి. మాటలను స్క్రిప్టులో వ్రాయక వేరే పట్టికలో ఉంచి, ఒక వరుస తెలుగుకు, ఒక వరుస ఉర్దూకు కేటాయిస్తే, ఆట భాషను మీట నొక్కి మార్చవచ్చు.

పదక్రీడలు కట్టేవారికి ఒక హెచ్చరిక. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. యంత్రం లెక్కలో అది ఆరు సంకేతాలు. పదం పొడవు ఎంత అని ఇంజనును అడిగితే ఆరు అనే చెబుతుంది. దానిని నమ్మి పదాన్ని గళ్ళలో పంచితే సకారం ఒక గడిలో, పొల్లు మరొక గడిలో పడతాయి. కాబట్టి ప్రతి పదాన్ని మనమే అక్షరాలుగా విడదీసి జాబితాగా దాచుకొనడం క్షేమం. ఉర్దూలో చిక్కు మరొక విధం. పదం మధ్యలో ఒక రూపం ధరించే అక్షరం ఒంటరిగా గడిలో పడితే మరొక రూపం ధరిస్తుంది. బైత్‌బాజీని తెరమీదికి తేదలచిన మిత్రులు ఈ సంగతి గమనించాలి. ఇటువంటి చిక్కులు ఆంగ్లంలో పాఠాలు వ్రాసేవారికి ఎదురుకావు, కనుక వారు వ్రాయరు. మనమే ఎదుర్కొని, మనమే వ్రాయాలి. ఈ పనిలో మన కళాశాలకు ఉన్న అర్హత పెద్ద పెద్ద కళాశాలలకు లేదని నిస్సంకోచంగా చెప్పగలను. ఒకే బల్లవద్ద తెలుగు చదివేవాడు, ఉర్దూ చదివేవాడు కూర్చుండే చోటు ఇది.

పాలకవర్గం పెద్దలకు సవినయంగా కొన్ని ప్రశ్నలు. తరగతులు ముగియగానే తాళం పడే కంప్యూటరు ప్రయోగశాలను వారానికి రెండు పూటలు ఈ పనికి తెరిచి ఉంచలేమా? సాయంత్రం బస్సు అందుకొనవలసిన విద్యార్థినులకోసం మధ్యాహ్న విరామంలో ఒక గంట కేటాయించలేమా? లైసెన్సులకు ఒక్క రూపాయి ఖర్చులేదు. ఎడిటరును, దానికంటె ఎన్నో రెట్లు పెద్దదైన ‘ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్ల’ను, అధికారిక పాఠాలను ఒకసారి దించి ప్రయోగశాలలో భద్రపరిస్తే, ఇంట ఇంటర్నెట్ లేని విద్యార్థికి ఎంత మేలు! వార్షికోత్సవంలో పరుగుపందేనికి బహుమతి ఉన్నట్లే, పూర్తిచేసిన చిన్న ఆటకు ఒక బహుమతి ఉండరాదా? ఎంత పెద్ద ఆటను తలపెట్టాడన్నది కాదు, పూర్తి అయినదా లేదా అన్నదే అందుకు కొలబద్ద కావాలి.

గ్రంథాలయంలో ఒక లావుపాటి నోటు పుస్తకం ఉంచుదాం. ఒక విద్యార్థి తన ప్రశ్నను, దానికి దొరికిన జవాబును, వెర్షన్‌తో, తేదీతో తెలుగులోనో ఉర్దూలోనో అందులో వ్రాయాలి. ఎమ్‌.ఐ.టి. లైసెన్సు మనను తిరిగి ఏమీ ఇమ్మని అడగదు. అడగనిదానిని ఇవ్వడంలోనే ఔదార్యం ఉన్నది. చివరి సంవత్సరం విద్యార్థి తాను పడిన తిప్పలను తనతోనే తీసికొనిపోతే, వచ్చే ఏడు చేరే తమ్ముడో చెల్లెలో ఆ తిప్పలే మళ్ళీ పడవలసి వస్తుంది.

ఇంజనుకు ఆ పేరు సామ్యూల్ బెకెట్ నాటకంనుండి వచ్చింది. అందులో ఇద్దరు మనుషులు గోడో అనేవాని కోసం చెట్టుకింద ఎదురుచూస్తుంటారు, అతడు రానే రాడు. ఎంత మెరుగుపరచినా సాఫ్ట్‌వేరుకు సంపూర్ణత రాదన్న భావంతో దాని కర్తలు ఆ పేరు పెట్టారు. మిత్రులారా, మంచి కంప్యూటరు వచ్చేదాకా, ఆంగ్లం బాగా వచ్చేదాకా, తరువాతి వెర్షన్ వచ్చేదాకా అని ఎదురుచూడడం ఆ నాటకంలోని ఇద్దరికి తగును గాని మనకు తగదు. ఆటల నిర్మాణం అందరికీ జీవనోపాధి చూపుతుందని నేను ఆశపెట్టను. కాని తన చేతితో ఒక చిన్న పనిని మొదలుపెట్టి ముగించిన విద్యార్థి, అంతకుముందు ఉన్న విద్యార్థి కాడు. ఈ వేసవి సెలవులలో నాలుగు గవ్వలు చాలు.